హమ్‌నవా డబ్బా



ఈసారి సియాసత్ లేదు. వక్ఫ్ జమీన్ లేదు, ఉర్దూ మీడియం బడుల మాతమ్ కూడా లేదు. ఒక చిన్న డబ్బా గురించి రాస్తున్నాను. అరచేతిలో పట్టే లోహపు డబ్బా, మీద రెండు నాబ్‌లు, కాలితో నొక్కే ఒక స్విచ్. ఎలక్ట్రిక్ గిటార్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య వైరులో పెడతారు. పేరు కోరస్ పెడల్.

ఈ డబ్బా వల్ల మా ఆపా ఇంట్లో నెల రోజులుగా దస్తర్‌ఖాన్ దగ్గర మాటలు బంద్. భాంజా ఇంజనీరింగ్ చదువుతూ, సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్పి పైసా పైసా జమ చేసుకున్నాడు. ఆ డబ్బుతో జపాన్‌లో తయారైన పాతకాలపు అనలాగ్ కోరస్ పెడల్ కొంటానంటాడు. ‘వింటేజ్’ అన్న మాట వాడి నోట కల్మా అయిపోయింది. దూలాభాయ్ ఒకటే మాట: “ఇస్కు ఇత్తే పైసే కైకు? రెండు బటన్ల డబ్బా! ఫోన్‌లో ఫ్రీగా వచ్చేదానికి పాత సామాన్ కొంటాడంట.” ఇంటి మీద పేపరోడు ఒకడున్నాడు కదా అని పంచాయితీ నా దగ్గరికొచ్చింది.

పెడల్ కొనాల్సిందే, కానీ ఆ పాతది కాదు. ఇదీ నా ఫైసలా. దీనికి దలీల్ చెప్పాలంటే ముందు ఆ డబ్బా లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఓపిక పట్టండి, చాలా మజా ఉన్న సంగతి.

గిటార్ తీగ మీటితే వచ్చేది ఒక్క ఆవాజ్. కోరస్ పెడల్ దాన్ని రెండు దారుల్లో పంపుతుంది. ఒకటి ఉన్నదున్నట్టు పోతుంది. రెండోదాన్ని కొన్ని మిల్లీ సెకన్లు ఆపి, ఆలస్యంగా వదిలి, మొదటిదానితో కలుపుతుంది. ఆ ఆలస్యం ఒకేలా ఉండదు, నిదానంగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తగ్గుతున్నప్పుడు రెండో ఆవాజ్ సుర్ రవ్వంత పైకి పోతుంది. పెరుగుతున్నప్పుడు కిందికి దిగుతుంది. అంబులెన్స్ మన వైపు వచ్చేటప్పుడు సైరన్ ఒకలా, దాటిపోయాక ఇంకోలా వినిపిస్తుంది కదా, ఆ హిసాబే ఇక్కడా. అంటే పక్కనే ఇంకొకడు కూర్చుని అదే పాట వాయిస్తున్నట్టు, కానీ వాడి చెయ్యి ఒక రవ్వ వెనకా ముందూ, వాడి తీగ ఒక రవ్వ ఎక్కువా తక్కువా.

ఒక తీగ సెకనుకు 440 సార్లు, ఇంకోటి 442 సార్లు కంపిస్తే మన చెవికి రెండు సుర్‌లు వినిపించవు. ఒకటే సుర్, సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతూ వినిపిస్తుంది. ఆ ఉబ్బూ తగ్గూనే మనం ‘నిండుగా ఉంది’ అంటాం.

ఉర్దూ మీడియంలో చదివిన వాణ్ని, నాకు వెంటనే గుర్తొచ్చిన లఫ్జ్ ‘హమ్‌నవా’. ఖవ్వాలీలో ముందు కూర్చున్న ఖవ్వాల్ మిస్రా ఎత్తుకుంటే, వెనక తాళీ కొడుతూ అందుకునే వాళ్లు హమ్‌నవాలు. హమ్ అంటే కలిసి, ఒకేలా. నవా అంటే ఆవాజ్. మాట ప్రకారం ఒకే గొంతు కావాలి. కానీ హైదరాబాద్‌లో వార్సీ సోదరుల మెహఫిల్‌లో ఒక్కసారి కూర్చున్నా తెలుస్తుంది, ఏ రెండు గొంతులూ ఒకేలా ఉండవని. ఒకరిది మోటు, ఒకరిది సన్నం, ఒకరు అర లిప్త ముందే అందుకుంటారు. అందరూ అచ్చు గుద్దినట్టు ఒకేలా పాడితే అది ఒక్కడు గట్టిగా పాడినట్టే ఉండేది. ఈద్ రోజు ఈద్గాహ్‌లో నమాజ్‌కు ముందు జనం తక్బీర్ చెప్తుంటే ఒళ్లు జలదరిస్తుంది చూడండి, ఆ ఆవాజ్‌లోనూ ముసలాయన వణుకుంది, పిల్లాడి కీచుంది. నేను పోలుస్తున్నది ఆవాజ్‌నే, ఇబాదత్‌ను కాదు. ఎవరూ తప్పుగా అనుకోవద్దు.

ఇప్పుడు ప్రశ్న. ఆవాజ్‌ను కొన్ని మిల్లీ సెకన్లు ఆపడం ఎలా? దీనికి జవాబు నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. 1969లో ఫిలిప్స్ కంపెనీ పరిశోధకులు సాంగ్‌స్టర్, టీర్ ఒక సర్క్యూట్ కనిపెట్టారు. దాని పేరు బకెట్ బ్రిగేడ్. నిప్పంటుకున్నప్పుడు జనం వరసగా నిలబడి నీళ్ల బకెట్లు చేతి నుంచి చేతికి అందిస్తారే, ఆ పేరు. మనకైతే స్లాబ్ వేసే రోజు అనుకోండి. కింద మిక్సర్ దగ్గర నుంచి పైకప్పు దాకా మెట్ల మీద మనుషులు నిలబడి కాంక్రీటు తట్టలు అందిస్తారు. కింద నింపిన తట్ట పైకి చేరడానికి కొంత సేపు పడుతుంది. మేస్త్రీ ‘జల్దీ జల్దీ’ అంటే ఆ సేపు తగ్గుతుంది. ఆయన బీడీ ముట్టిస్తే పెరుగుతుంది.

చిప్ లోపల మనుషుల చోట చిన్న చిన్న కెపాసిటర్లు ఉంటాయి. తట్టలో కాంక్రీటు బదులు కాస్త విద్యుత్ చార్జి. మేస్త్రీ చోట ఒక గడియారం. పానసోనిక్ పేరుతో మత్సుషిటా కంపెనీ చేసిన ఎంఎన్3007 అనే చిప్‌లో అలాంటి మెట్లు 1024 ఉన్నాయి. గడియారం సెకనుకు లక్షసార్లు కొడితే ఆవాజ్ ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి దాదాపు 5 మిల్లీ సెకన్లు పడుతుంది. గడియారాన్ని నిదానంగా వేగం పెంచుతూ తగ్గిస్తూ ఉంటే ఆలస్యం ఊగుతుంది, సుర్ ఊగుతుంది. ఆ ఊపు ఎంత త్వరగా అన్నది ఒక నాబ్, దాని పేరు రేట్. ఎంత లోతుగా అన్నది రెండో నాబ్, డెప్త్. దూలాభాయ్ వెక్కిరించిన రెండు బటన్లు ఇవే.

మెట్టు మెట్టుకూ తట్టలోంచి కొంచెం కాంక్రీటు ఒలుకుతుంది కదా, ఇక్కడా అంతే. ప్రయాణంలో ఆవాజ్ కాస్త అరుగుతుంది, బుసలాంటి చప్పుడు చేరుతుంది. దాన్ని దాచడానికీ, గడియారం చప్పుడు బయటికి రాకుండా ఉండటానికీ చిప్‌కు ముందూ వెనకా ఫిల్టర్లు పెట్టి పైనున్న పదునైన మోతలు కోసేస్తారు. అందుకే ఆలస్యమైన ఆవాజ్ అసలు ఆవాజ్ కంటే మసకగా ఉంటుంది. సాఫ్‌గా ఉన్న మొదటి గొంతు ముందు, మసకగా రెండో గొంతు వెనక. అనలాగ్ కోరస్ ‘వెచ్చగా’ ఉంటుందని గిటార్ వాళ్లు అనేదానికి అసలు వజా ఇదే. జాదూ ఏమీ లేదు. ఒక మజ్‌బూరీ హుస్న్ అయింది, అంతే. నా అభిప్రాయంలో మంచి డిజిటల్ పెడల్ ఈ మసకను కూడా చాలా దగ్గరగా నకల్ చేయగలదు. భాంజా ఈ మాట ఒప్పుకోడు. చిన్న వయసు, ఇష్క్ కొత్త.

ఈ రకం చిప్‌తో కోరస్‌ను గిటార్‌కు తెచ్చింది జపాన్‌లోని ఒసాకాలో ఇకుతారో కకెహాషి 1972లో పెట్టిన రోలాండ్ కంపెనీ. 1975లో జేసీ-120 అనే ఆంప్లిఫయర్ తెచ్చారు, జాజ్ కోరస్ అని పేరు. అందులో 60 వాట్లవి రెండు ఆంప్‌లు, 12 అంగుళాల స్పీకర్లు రెండు. ఒక స్పీకర్ నుంచి అసలు ఆవాజ్, రెండోదాని నుంచి ఊగే ఆవాజ్. రెండూ కలిసేది వైరులో కాదు, గదిలో గాలిలో. నాకు ఈ మొత్తం దాస్తాన్‌లో బాగా నచ్చిన ముచ్చట ఇదే. కలపడం పని గాలికి అప్పజెప్పారు. మరుసటి ఏడు, 1976లో, ఆ సర్క్యూట్‌ను విడదీసి సీఈ-1 అని పెడల్‌గా అమ్మారు. బాస్ అన్న పేరుతో వచ్చిన మొదటి పెడల్ అది. పెద్దది, బరువు, గోడ కరెంటుతో నడిచేది. 1979లో వచ్చిన సీఈ-2తో అది 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న డబ్బా అయింది. మన భాంజా కలల్లోకి వచ్చేది ఈ సీఈ-2.

ఇదే కాలపు అమెరికన్ చుట్టం ఒకటుంది, ఎలక్ట్రో హార్మోనిక్స్ వారి స్మాల్ క్లోన్. దానికి నాబ్ ఒక్కటే, డెప్త్‌కు కిందా మీదా తిప్పే స్విచ్. 1991లో నిర్వాణా బ్యాండ్ నెవర్‌మైండ్ ఆల్బమ్‌లో ‘కమ్ యాజ్ యూ ఆర్’ పాటలో కర్ట్ కొబైన్ గిటార్ నీళ్ల కింద నుంచి మోగుతున్నట్టు ఉంటుందే, అది ఈ డబ్బా పనే. అబ్బాజాన్‌లు ఒకసారి పిల్లల దగ్గర ఇయర్‌ఫోన్ అడిగి వినండి. నచ్చకపోయినా ఫర్వాలేదు, పిల్లాడు దేని గురించి మాట్లాడుతున్నాడో తెలుస్తుంది.

ఇక ఇంటి గొడవ. దూలాభాయ్ మొదట పైసల మాట ఎత్తారు. దానికి నేను జవాబు చెప్పేసరికి మజ్‌హబ్ మాట ఎత్తారు. ‘తీగల వాయిద్యం జాయిజ్ కాదు గదా’ అని. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా ఇవ్వను. చదివినంతలో తెలిసింది చెప్తాను. నాలుగు మజ్‌హబ్‌ల ఫుఖహాలలో ఎక్కువమంది తీగల వాయిద్యాలను మనా చేశారు, ఇది నిజం. స్పెయిన్‌కు చెందిన ఇబ్న్ హజ్మ్ అలా మనా చేసిన రివాయత్‌లు సహీ కావని వాదించాడు, ఇదీ నిజం. ఇమామ్ గజాలీ తన ఇహ్యాలో సమా గురించి ఒక పూర్తి అధ్యాయం రాశారు. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియాను సమా విషయంలో గియాసుద్దీన్ తుగ్లక్ దర్బార్‌కు పిలిచి ఉలమాతో బహస్ పెట్టించారు. ఏడు వందల ఏళ్లయింది, బహస్ ఇంకా పూర్తి కాలేదు. మా ఆపా ఇంటి వరండాలో తేలేది కాదు.

నిజంగా మజ్‌హబీ ఎహతియాత్‌తో వాయిద్యాలకు దూరంగా ఉండే ఇళ్లు నాకు తెలుసు, వాళ్లంటే నాకు ఇజ్జత్. వాళ్ల ఇంట్లో వలీమాకు బ్యాండ్ ఉండదు, టీవీలో సినిమా పాట ఉండదు, ఫోన్ రింగ్‌టోన్ కూడా ఉండదు. కానీ చాలా ఇళ్ల సంగతి వేరు. బరాత్‌లో మర్ఫా కావాలి, డీజే కావాలి, సంగీత్ అని కొత్త రసమ్ కూడా వచ్చి చేరింది. అక్కడంతా హలాల్, పిల్లాడు గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని గంటలు గంటలు ఒకే తీగ సరిచేసుకుంటుంటే హరామ్. ఇది ఇన్సాఫ్ కాదు. పైసల ఎతరాజ్ ఉంటే పైసల మాటే మాట్లాడాలి. కుర్రాళ్లు మన దీన్‌ను మన మాటల్లోంచి కాదు, మన తూకంలోంచి నేర్చుకుంటారు. తూకం రాయి ఒక్కోరోజు ఒక్కోలా ఉంటే వాళ్లు రాయినే నమ్మడం మానేస్తారు. భాంజా ఇప్పుడు అన్నం తిని మాట లేకుండా లేచిపోతున్నాడు. నాకు పెడల్ కంటే అదే ఎక్కువ ఫికర్.

పైసల మాటకొస్తే, దూలాభాయ్ చెప్పినట్టు ఫోన్ యాప్‌లో కోరస్ దొరుకుతుంది, నిజమే. కానీ యాప్‌లో కోరస్‌తో పాటు ఇంకో వంద ఎఫెక్టులు ఉంటాయి. నేర్చుకునే పిల్లాడు సాయంత్రమంతా అవి మార్చుకుంటూ కూర్చుంటాడు, వేళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. రెండు నాబ్‌ల డబ్బాకు ఆ బీమారీ లేదు. పది నిమిషాల్లో తిప్పేది అయిపోతుంది, ఇక వాయించాల్సిందే. అందుకే దూలాభాయ్‌తో చెప్పాను, తన కష్టార్జితంతో ఒక్క పెడల్ కొనుక్కోనీ, ఇంకా పైసలు మిగిలితే మంచి తీగలు కొనుక్కోనీ అని.

భాంజాకు చెప్పింది వేరే. బేటా, వింటేజ్ అన్న లఫ్జ్‌కు ఖీమత్ కట్టొద్దు. పాత సీఈ-2 లోపల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి, నలభై ఏళ్లకు అవి ఎండిపోతాయి. వాటిని మార్పిస్తే అది పాత పెడల్ అనుకోవాలా, కొత్తదనుకోవాలా? పానసోనిక్ ఆ చిప్‌ల తయారీ ఎప్పుడో ఆపేసింది. అసలు చిప్ చెడిపోతే దాని పేరు ముద్రించుకున్న నకిలీలు బజారులో కావలసినన్ని. మరోవైపు, ఆ పాత డిజైన్‌లకు సరిపోయే బకెట్ బ్రిగేడ్ చిప్‌లు ఇప్పుడూ కొత్తగా తయారవుతున్నాయి. వాటితో చేసిన పెడల్స్ దొరుకుతున్నాయి. బాస్ కంపెనీయే 2016లో సీఈ-2డబ్ల్యూ అని అనలాగ్ సర్క్యూట్‌తో కొత్తది తెచ్చింది, అందులో సీఈ-1 ఆవాజ్‌కు కూడా స్విచ్ పెట్టింది. చిన్న కంపెనీల సాదా పెడల్స్ ఇంకా తక్కువకే వస్తాయి. నువ్వు ఇష్టపడేది ఆవాజ్‌నయితే అది కొత్తదాంట్లోనూ ఉంది. ఇష్టపడేది పాత స్టిక్కర్‌నయితే అది షౌక్, దానికి నౌకరీ వచ్చాక చూసుకో.

వాడే తీరు గురించి కూడా నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. వాయించడం నాకు రాదు, వినడం వచ్చు. కుర్రాళ్లు కొత్త కోరస్ పెడల్ కొనగానే రెండు నాబ్‌లూ నిండా తిప్పేస్తారు. అప్పుడు వచ్చేది సంగీతం కాదు, చక్కర్. దానికో లెక్క ఉంది. సుర్ ఎంత పక్కకు పోతుందన్నది ఊపు వేగం, ఊపు లోతు రెండిటి మీదా ఆధారపడుతుంది. అందుకే రేట్ పెంచితే డెప్త్ తగ్గించాలి, డెప్త్ కావాలంటే రేట్ నిదానంగా ఉంచాలి. నిదానమైన అలకు లోతు అందం, గబగబ వణుకుకు తక్కువ లోతు చాలు. రెండూ ఎక్కువ చేస్తే గిటార్ సుర్ తప్పినట్టే ఉంటుంది, పక్కన పాడేవాడికి పట్టుకోవడానికి సుర్ దొరకదు.

ఇంకోటి. కోరస్ ఒక పర్దా లాంటిది, దాని వెనక కొత్త చేతి లోపాలు దాక్కుంటాయి. తీగ సరిగా నొక్కకపోయినా, శ్రుతి కొంచెం తప్పినా పెడల్ ఊపులో కలిసిపోతుంది. అందుకే మొదటి అరగంట పెడల్ ఆఫ్. ముందు ట్యూనర్‌తో శ్రుతి, తర్వాత సాదా ఆవాజ్‌తో పాట మొత్తం ఒకసారి, ఆ తర్వాతే కాలు పెట్టడం. డెప్త్ ఎంత ఉంచాలన్నదానికి నా తరీఖా ఒకటే. పెడల్ ఆన్‌లో ఉన్నట్టు తెలియకూడదు, ఆఫ్ చేస్తే మాత్రం ఏదో పోయినట్టు ఉండాలి. బిర్యానీలో షాజీరా అంతే కదా, కనపడి పంటి కింద పడితే ఎక్కువైనట్టు.

వరసలో చోటు గురించి కూడా. డిస్టార్షన్, ఓవర్‌డ్రైవ్ పెడల్ ఉంటే కోరస్ దాని తర్వాత, డిలే, రివర్బ్ కంటే ముందు. ముందే పెడితే ఊగే ఆవాజ్‌ను డిస్టార్షన్ నలిపేసి అస్పష్టం చేస్తుంది. కొంతమందికి ఆ బురద కూడా ఇష్టమే, వాళ్ల ఖుషీ. కోరస్ అసలు అందం సాఫ్ ఆవాజ్‌లోనే, తీగలు ఒక్కొక్కటిగా మీటినప్పుడే. దర్గాల దగ్గర వినిపించే కలామ్‌నో, ఒక పాత గజల్ ధున్‌నో ఎలక్ట్రిక్ గిటార్ మీద నిదానంగా ఎత్తుకుని, రేట్ బాగా తగ్గించి వింటే, ఒక్క కుర్రాడి వెనక సన్నగా ఎవరో హమ్‌నవా కూర్చున్నట్టు ఉంటుంది. ఆపా ఒకరోజు గది తలుపు దగ్గర నిలబడి ఇలాగే విని, ‘ఇంకెవరొచ్చార్రా లోపల?’ అని అడిగింది.

పాతదే కొంటామని పట్టుబట్టేవాళ్లకు ఒక ఎహతియాత్. ఆ కాలపు బాస్ పెడల్స్‌లో చాలావాటికి ఏసీఏ అనే వేరే రకం అడాప్టర్ వాడేవారు, డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఇప్పటి 9 వోల్టుల పీఎస్ఏ అడాప్టర్ పెడితే లైటు మసకగా వెలుగుతుంది, ఆవాజ్ బలహీనంగా వస్తుంది. అది చూసి పెడల్ ఖరాబైందనుకుని రిపేర్‌కు పరుగెత్తొద్దు. కొనే ముందు కొత్త 9 వోల్టుల బ్యాటరీ ఒకటి జేబులో వేసుకుని పోండి. గిటార్ కేబుల్ మీదే తీసుకెళ్లండి, రేట్ నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా తిప్పి ఊపు ఎక్కడైనా ఆగుతుందేమో వినండి. స్క్రూలు విప్పి చూపించమంటే అమ్మేవాడు నసిగితే, ఖుదా హాఫిజ్ చెప్పి వచ్చేయండి.